టర్బో కారు ఊపిరికి జాలీ కాపలా!

ఉదయగిరి కొండ దిగి నెల్లూరు దారిలో కంకర టిప్పర్ వెనకాల పది నిమిషాలు కారు నడిపి చూడండి. అద్దం మీద 'టక్'మని రాయి తగిలితే గుండె ఝల్లుమంటుంది. పక్కకి ఆపి చూసుకుంటాం. గీత కూడా పడలేదనుకోండి... 'బతికాం రా నాయనా' అనుకుని మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటాం. కానీ అద్దానికి తగిలే రాయి ఒకటైతే, బంపర్ సందుల్లోంచి లోపలికి దూరేవి ఎన్నో. వాటి చప్పుడు మనకి వినబడదు. ఆ సందుల వెనకాలే ఉంటుంది టర్బో కారుకి ఊపిరిలాంటి ఇంటర్‌కూలర్. దానికి రాళ్ల దెబ్బ తగలకుండా కొన్ని వందల రూపాయల ఖర్చుతో మనమే ఓ జాలీ చేసి పెట్టుకోవచ్చు. కాకపోతే, ఏ జాలీ పడితే అది పెడితే మాత్రం రాయి చేసే నష్టం కన్నా జాలీ చేసే నష్టమే ఎక్కువ. ఆ లెక్కేంటో చూద్దాం రండి.

ఏంది ఈ ఇంటర్‌కూలర్?

సైకిల్ ట్యూబుకి పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూశారా? వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. అంతే సూత్రం. మన కార్లలో టర్బో చేసే పని కూడా అదే. ఇంజిన్ నుంచి బయటికి పోయే పొగతో ఓ చిన్న చక్రాన్ని తిప్పి, దాని బలంతో బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. ఈ ఆలోచనకి స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు.

ఇప్పుడు మన ఎండాకాలం సంగతి తీసుకోండి. బయట 35 డిగ్రీలున్న గాలిని టర్బో రెట్టింపు ఒత్తిడికి నొక్కిందంటే, అది 130 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. వేడి గాలి పలచన. పలచని గాలిలో ఆక్సిజన్ తక్కువ. అందుకని ఆ గాలిని ఇంజిన్‌కి పంపేముందు ఓ అల్యూమినియం జల్లెడలాంటి పెట్టెలోంచి పోనిస్తారు. ముందు నుంచి తగిలే చల్లగాలికి అది 60 డిగ్రీలకి దిగిందనుకుంటే, అదే చోటులో దాదాపు 20 శాతం ఎక్కువ గాలి పడుతుంది. పికప్, మైలేజీ... రెండూ ఆ చల్లదనం మీదే ఆధారపడి ఉంటాయి. ఆ పెట్టే ఇంటర్‌కూలర్.

ఇందులో చిక్కేంటంటే, గాలి బాగా తగలాలంటే అది ముందువైపే ఉండాలి. వేడి త్వరగా పోవాలంటే దాని రెక్కలు కాగితంలా పలచగా ఉండాలి. అంటే రాళ్లు వచ్చే దారిలోనే కారులోని సున్నితమైన వస్తువుల్లో ఒకటి కూర్చుని ఉందన్నమాట!

మీ కారులో ఎక్కడుంది?

ముందుగా, మీ కారుకి టర్బో ఉందో లేదో చూసుకోండి. ఈ కాలపు డీజిల్ కార్లన్నిటికీ దాదాపుగా ఉంటుంది. పెట్రోల్‌లో అయితే కొన్నింటికే. మామూలు పెట్రోల్ కారుకి ఇంటర్‌కూలర్ ఉండదు.

ఇప్పుడు ఫోన్ టార్చ్ వేసి బంపర్ కింది గ్రిల్‌లోకి తొంగిచూడండి. కొన్ని కార్లలో ఇంటర్‌కూలర్ సరిగ్గా మధ్యలో, నేలకి దగ్గరగా ఉంటుంది. కొన్నింటిలో ఓ పక్కకి, టైరు ముందు దాక్కుని ఉంటుంది. పాత తరం ఫార్చ్యూనర్ లాంటి బండ్లలో బానెట్ మీద ముక్కులాంటి కన్నం చూసే ఉంటారు. అది స్టైల్ కోసం పెట్టింది కాదు, ఇంజిన్ మీద కూర్చున్న ఇంటర్‌కూలర్‌కి గాలి పోయే దారి. అలాంటి బండికి ముందు జాలీ పెట్టినా ఇంటర్‌కూలర్‌కి ఒరిగేదేమీ లేదు.

ఇంకో మాట. చాలా కార్లలో గ్రిల్ వెనకాల మొదట కనబడేది ఇంటర్‌కూలర్ కాదు, ఏసీ కండెన్సర్. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. లావుపాటి రబ్బరు గొట్టం తగిలించి ఉంటే ఇంటర్‌కూలర్. వేలంత సన్నటి అల్యూమినియం గొట్టాలుంటే కండెన్సర్. రాయి తగిలి కండెన్సర్‌కి సూది మొనంత చిల్లు పడినా ఏసీ గ్యాసంతా పోతుంది. మే నెలలో ఆత్మకూరు ఎండలో ఏసీ పోతే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా! కాబట్టి టర్బో లేని కారుకైనా ఈ జాలీ ఉపయోగమే.

చిన్న రాయేగా... ఏం చేస్తుంది?

లెక్క వేద్దాం. 20 మి.మీ. కంకర రాయి బరువు సుమారు 11 గ్రాములు. కారు 100 కిలోమీటర్ల వేగంతో పోతూ గాల్లో ఉన్న ఆ రాయిని గుద్దిందంటే, ఆ దెబ్బ ఒక కిలో తూకం రాయిని 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలినంత. అదంతా ఓ వేలిగోరంత చోటులో, కాగితంలాంటి రెక్కల మీద పడుతుంది. ఎదురుగా వచ్చే లారీ టైరు విసిరిన రాయైతే దెబ్బ ఇంకా ఎక్కువ.

అదే 6 మి.మీ. బేబీ చిప్ అయితే? సైజు మూడో వంతు కన్నా కాస్త తక్కువకి దిగింది కాబట్టి బరువు దాదాపు 37 వంతులు తగ్గుతుంది. అంటే 0.3 గ్రాములు. దాని దెబ్బకి ఒకటి రెండు రెక్కలు వంగుతాయేమో గానీ, గొట్టానికి చిల్లు పడే ప్రమాదం తక్కువ. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. జాలీ పని ప్రతి ఇసుక రేణువునీ ఆపడం కాదు, పెద్ద రాళ్లని ఆపడం.

రెక్కలు వంగితే గాలి సరిగ్గా పారదు, చల్లదనం తగ్గుతుంది. గొట్టానికే చిల్లు పడితే టర్బో నొక్కిన గాలి బయటికి పోతుంది. అప్పుడు ఇంజిన్‌కి పికప్ ఉండదు. యాక్సిలరేటర్ తొక్కితే 'స్‌స్‌స్' అని ఈల చప్పుడొస్తుంది. డీజిల్ కారైతే నల్లపొగ రావచ్చు. డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు వెలిగి, బండి తనంతట తానే వేగం తగ్గించుకుని కుంటుకుంటూ నడుస్తుంది.

మన రోడ్ల లెక్కే వేరు

ఈ బాధ హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద తిరిగేవాళ్లకి పెద్దగా తెలియదు. పడమటి నెల్లూరు మెట్టలో తెలుస్తుంది. బద్వేలు వైపు నుంచి వెలిగొండలు దాటి మర్రిపాడు, ఆత్మకూరు, సంగం మీదుగా నెల్లూరు చేరే 67వ నంబరు జాతీయ రహదారి చివరికి కృష్ణపట్నం పోర్టుకి పోతుంది. పోర్టు దారంటే లారీలు ఉండాల్సిందే. దీనికి తోడు బద్వేలు-నెల్లూరు నాలుగు వరుసల రహదారికి 2025 మేలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వైఎస్సార్ కడప జిల్లా గోపవరం నుంచి నెల్లూరు జిల్లా గురువిందపూడి దాకా 108.134 కిలోమీటర్లు, ఖర్చు రూ.3,653.10 కోట్లు. పూర్తయితే పోర్టుకి దూరం దాదాపు 34 కిలోమీటర్లు తగ్గుతుంది. మంచిదే. కానీ రోడ్డు పని అంటేనే కంకర, గ్రావెల్, టిప్పర్లు. కొత్త రోడ్డు వచ్చేదాకా ఆ రాళ్ల మధ్యే తిరగాలి.

ఉదయగిరి వైపు పోయే దారుల్లో రోడ్డు అంచున మట్టి, గులకరాళ్లు ఎక్కువ. ఎదురుగా బస్సు వస్తే రెండు టైర్లూ కిందికి దించాల్సిందే. కోతల కాలంలో రోడ్డే కళ్లం. కంది, మినుము ఎండబోసి బండ్లతో తొక్కిస్తారు. ఆ పొట్టు, పుల్లలు లేచి నేరుగా గ్రిల్‌లోకి దూరతాయి. వానాకాలం సాయంత్రాలైతే పురుగుల దండు!

ఇక్కడ కారంటే అందరికీ షోకు కాదు. ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి పోవాలంటే దాదాపు వంద కిలోమీటర్లు. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన ఆడబిడ్డనో, గుండె పట్టుకున్న పెద్దాయన్నో ఎక్కించుకుని పోయేది ఊళ్లోని బాడుగ కారే. అలాంటప్పుడు సగం దారిలో బండి కుంటితే నష్టం రిపేరు బిల్లుతో పోయేది కాదు. బాడుగకి తిప్పే అన్నకైతే, షెడ్డులో బండి ఉన్న ప్రతిరోజూ సంపాదన లేని రోజే. ఈఎంఐ మాత్రం ఆగదు.

ఏ జాలీ మంచిది?

ఉదయగిరి కోట కథ తెలుసుగా! శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే, ఆ కొండకోట చేతికొచ్చేసరికి 1514 అయింది. గోడలు బద్దలుకొట్టడం కన్నా లోపలికి దారులు మూసి దిగ్బంధం చేయడమే అక్కడ అసలు పని చేసింది. ఎంత గట్టి కోటైనా లోపలికి తిండి పోకపోతే నిలబడదు. జాలీ కూడా అంతే. రాయిని ఆపాలి, గాలిని ఆపకూడదు.

జాలీలో ఎంత భాగం ఖాళీగా ఉందో మనమే లెక్కేయొచ్చు. కన్నం వెడల్పుని, 'కన్నం + తీగ మందం'తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంది కదా!

దోమల జాలీ: కన్నం 1.2 మి.మీ., తీగ 0.25 మి.మీ. అనుకుంటే ఖాళీ 68 శాతం. వినడానికి బాగానే ఉంది. కానీ ఇంత సన్న కన్నాల్లోంచి గాలి లాగడం కష్టం. పైగా ఒక్క సాయంత్రం పురుగులు, ఒక్క కళ్లం పొట్టు తగిలితే సగం మూసుకుపోతుంది. వద్దే వద్దు.

కోళ్ల జాలీ: చవక, గాలి బాగా పారుతుంది. కానీ తీగ సన్నం. నాలుగు రాళ్లకే సొట్టలు పడి వదులైపోతుంది. పూత పోగానే తుప్పు పడుతుంది. వేరే గతి లేనప్పుడు పది రోజులకి పర్లేదు.

స్టీల్ అల్లిక జాలీ: 6 మి.మీ. కన్నం, 0.9 మి.మీ. తీగ ఉంటే ఖాళీ 75 శాతం. 10 మి.మీ. కన్నం, 1 మి.మీ. తీగ అయితే 82 శాతం. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్ అడిగి తీసుకుంటే తుప్పు గొడవ ఉండదు. మన రోడ్లకి 6 నుంచి 10 మి.మీ. మధ్యది సరిపోతుంది.

అల్యూమినియం డైమండ్ జాలీ: తేలిక, కత్తెరకి సులువుగా తెగుతుంది, వంచడం తేలిక. స్టీల్ అంత గట్టిది కాదు గానీ, మొదటిసారి చేసుకునేవాళ్లకి అనుకూలం. పట్టీలు మరీ వెడల్పుగా లేనిది చూసి కొనండి.

ఓ గంట పని

కావాల్సినవి: జాలీ ముక్క, రేకుల కత్తెర, చేతికి గ్లవ్స్, అట్ట, రబ్బరు బీడింగ్, ఎండకి పాడవని నల్ల కేబుల్ టైలు. వీధి చివర హార్డ్‌వేర్ షాపులో దాదాపు అన్నీ దొరుకుతాయి.

1. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. కింది గ్రిల్ కడిగి ఆరబెట్టండి.

2. జాలీని నేరుగా కత్తిరించకండి. ముందు అట్టతో గ్రిల్ ఆకారం తీసుకోండి. అట్ట పాడైతే పోయేదేం లేదు. జాలీ పాడైతే మళ్లీ షాపుకి పోవాలి.

3. అట్టకన్నా చుట్టూ 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి జాలీ కత్తిరించండి. తెగిన తీగ మొనలు బ్లేడులా ఉంటాయి, గ్లవ్స్ తీయకండి.

4. అంచులు లోపలికి మడిచి బీడింగ్ తొడగండి. ఇది చేయకపోతే జాలీ కదిలి కదిలి బంపర్ ప్లాస్టిక్‌ని కోస్తుంది.

5. నల్ల రంగు వేస్తారా? పలచగా ఒక్క కోటు చాలు. మందంగా వేస్తే కన్నాలు చిన్నవవుతాయి.

6. గ్రిల్ వెనకవైపు నుంచి పెట్టగలిగితే బయటికి కనబడదు. బంపర్ ఊడదీయాల్సి వస్తే మెకానిక్ అన్న చేత చేయించండి. క్లిప్పులు విరిగితే తర్వాత బంపర్ గలగలలాడుతుంది. లేదంటే ముందువైపు నుంచే గ్రిల్ కడ్డీలకి ప్రతి 10 సెంటీమీటర్లకీ ఓ టై వేసి బిగించండి.

7. జాలీకీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య కనీసం ఓ అంగుళం ఖాళీ ఉండాలి. రాయి తగిలినప్పుడు జాలీ లోపలికి వంగుతుంది. ఆ వంపుకి చోటు లేకపోతే జాలీయే రెక్కల్ని గుద్దుతుంది. పైగా స్టీలు, అల్యూమినియం తడిలో ఒకదానికొకటి అంటుకుని ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది.

8. చేత్తో పట్టుకుని ఊపండి. చప్పుడొస్తే ఇంకో రెండు టైలు వేయండి. 20 కిలోమీటర్లు తిప్పి మళ్లీ చూడండి.

ఇవి మాత్రం చేయొద్దు

కేబుల్ టైని ఇంటర్‌కూలర్‌కో, కండెన్సర్ గొట్టాలకో కట్టొద్దు. వాటి దగ్గర డ్రిల్ అసలే పెట్టొద్దు. ఒక్క స్క్రూ అర అంగుళం లోపలికి పోతే ఏసీ గ్యాస్ బుస్సుమంటుంది.

కొత్త కార్లలో ఏడీఏఎస్ ఉంటే, ముందున్న బండిని పసిగట్టే రాడార్ కొన్నిసార్లు కింది గ్రిల్‌లోనే ఉంటుంది. దాని ముందు లోహపు జాలీ పెడితే దాని కళ్లకి గంతలు కట్టినట్టే. ఆటోమేటిక్ బ్రేకు సరిగ్గా పనిచేయకపోవచ్చు. రాడార్, పార్కింగ్ సెన్సర్లు, కెమెరా ఎక్కడున్నాయో యూజర్ మాన్యువల్‌లో చూసి ఆ భాగం వదిలేయండి. తనంతట తాను మూసుకునే గ్రిల్ రెక్కలున్న కారైతే వాటి కదలికకి జాలీ అడ్డురాకూడదు. వారంటీలో ఉన్న కారైతే సర్వీస్ సెంటర్‌లో ఓ మాట అడిగాకే చేయండి.

జాలీ సరిపోదని ముందు ఇనుప బుల్ బార్ బిగించేవాళ్లూ ఉన్నారు. ఆ పని వద్దు. వాటి మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకునే తీరు మారిపోతుంది, నడిచిపోయేవాళ్లకీ ప్రాణాంతకం. గ్రిల్ వెనక కూర్చునే పలచటి జాలీ వేరు, బండి ముందు పొడుచుకొచ్చే ఇనుప కమ్మీ వేరు.

ఫోనే మీ థర్మామీటర్

జాలీ పెట్టాక ఇంజిన్‌కి ఊపిరాడుతోందా లేదా? ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు ఉంటుంది. దానికి బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ తగిలించి ఫోన్‌లో యాప్ వేసుకుంటే ఇంజిన్‌లోకి పోయే గాలి ఎంత వేడిగా ఉందో, కూలెంట్ ఎంత వేడిగా ఉందో కనబడుతుంది.

జాలీ పెట్టకముందు ఓ రోజు, పెట్టాక ఇంకో రోజు... అదే దారి, అదే టైము, అదే వేగం. ఉదాహరణకి మధ్యాహ్నం రెండింటికి ఆత్మకూరు నుంచి సంగం దాకా. బయటి ఎండ ఎంతుందో కూడా రాసుకోండి. గాలి వేడిలోంచి బయటి వేడి తీసేస్తే వచ్చే తేడా రెండు రోజులూ దాదాపు సమానంగా ఉంటే మీ జాలీ పాసైనట్టే. నాలుగైదు డిగ్రీలకి మించి పెరిగితే ఇంకాస్త పెద్ద కన్నాలది పెట్టండి. కూలెంట్ వేడి మామూలుకన్నా పైకి పోతుంటే మాత్రం ఆలోచించక్కర్లేదు, జాలీ వెంటనే తీసేయండి. ఓ జాగ్రత్త: కొన్ని కార్లలో గాలి వేడి చూసే సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ దగ్గరే ఉంటుంది, అది ఇంటర్‌కూలర్ సంగతి చెప్పదు. నడిపేటప్పుడు ఫోన్ చూడొద్దు. ఆ పని పక్క సీట్లో కూర్చున్నవాళ్లకి అప్పజెప్పండి.

ఇప్పటికే దెబ్బ తగిలి ఉంటే?

రెక్కలు మాత్రమే వంగి ఉంటే భయం లేదు. స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, గొట్టానికి చిల్లు పడుతుంది. సన్నగా చెక్కిన వెదురు పుల్లతోనో, పళ్లపుల్లతోనో ఒక్కో రెక్కనీ మెల్లగా నిలబెట్టండి. చెక్క గరిటెలు, చెంచాలు చేతులతో చెక్కి పేరు తెచ్చుకున్న ఉదయగిరిలో ఓ మంచి చెక్క పుల్ల దొరకడం కష్టమా!

చిల్లు అనుమానం ఉంటే, మెకానిక్ అన్నని ఇంటర్‌కూలర్ ఊడదీసి గాలి పట్టించి సబ్బునీళ్లతో చూడమనండి. బుడగలొచ్చిన చోటే చిల్లు. పైన కాస్త నూనె తడి కనబడితే కంగారుపడొద్దు. టర్బో కార్లలో లోపల కొద్దిగా నూనె జిడ్డు మామూలే. కానీ ఒకేచోట తడిసి, దుమ్ము ముద్దకట్టి ఉంటే అక్కడ కారుతోందని అర్థం. చిల్లు చిన్నదైతే అల్యూమినియం వెల్డింగ్ కుదరొచ్చు, లేకపోతే కొత్తది వేయాలి. దాని బిల్లు వేలల్లోనే.

కడిగేటప్పుడు ప్రెషర్ పంపుని గ్రిల్‌కి ఆనించి కొట్టనివ్వకండి. రాయి చేయని పని ఆ నీళ్లు చేస్తాయి. దూరం నుంచి మామూలు ధారతో కడిగితే చాలు. జాలీని పదిహేను రోజులకోసారి, కళ్లాల కాలంలోనూ పురుగుల కాలంలోనూ వారానికోసారి బ్రష్‌తో దులపండి.

అందరికీ అవసరమా?

నిజం చెప్పాలంటే కాదు. నెల్లూరు టౌనులోనే తిరిగే కారుకి ఈ తంటా అక్కర్లేదు. కంపెనీ గ్రిల్‌లోనే సన్న గళ్లుంటే రెండో జాలీ దండగ. టిప్పర్ల దారిలో రోజూ తిరిగేవాళ్లకి, నేలకి దగ్గరగా, గ్రిల్‌లోంచి నేరుగా కనబడే ఇంటర్‌కూలర్ ఉన్నవాళ్లకి మాత్రం కచ్చితంగా పనికొస్తుంది.

జాలీ ఉన్నా లేకున్నా అందరికీ పనికొచ్చే కాపలా ఇంకోటి ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. ముందున్న టిప్పర్ ఓ కరెంటు స్తంభాన్ని దాటగానే 'ఒకటి, రెండు, మూడు' అని నిదానంగా లెక్కపెట్టండి. మూడు పూర్తయ్యేలోపు మీరు ఆ స్తంభం దాటేస్తే మరీ దగ్గరగా పోతున్నట్టు. 80 వేగంలో ఈ మూడు సెకన్లంటే దాదాపు 66 మీటర్లు. టిప్పర్ టైరు విసిరిన రాళ్లలో చాలావరకు ఆ దూరంలోనే నేల మీద పడిపోతాయి. ఇంటర్‌కూలర్‌తో పాటు అద్దమూ, లోపలున్న మనమూ భద్రం.